చింతపండుతో తోమిన రివాల్వర్

మా అమ్మ ఇత్తడి బిందెల్ని చింతపండు వేసి తోమితే బంగారంలా మెరిసేవి. ఆ మెరుపు చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి, పోయినేడాది కొన్న పాత రెమింగ్టన్ రివాల్వర్‌కి ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇత్తడి కమ్మీ నల్లగా కనబడగానే నా చెయ్యి ఊరుకోలేదు. అరగంటలో తళతళలాడించేసి ఫొటో బావకి పంపాను. కాసేపు జవాబు లేదు, తర్వాత ఫోన్ చేసి "నూటయాభై ఏళ్ళకి పైగా పట్టిన రంగురా అది, అరగంటలో కడిగి పారేశావు కదరా" అన్నాడు.

అందుకే ఈసారి నవంబర్‌లో టల్సా తుపాకీల షోకి వెళ్దాం, నీ రివాల్వర్ కూడా తీసుకురా, ఎంత నష్టం చేశావో తెలిసినవాళ్ళ నోటితోనే విందువుగాని అని బావ అంటే మారుమాట్లాడకుండా బయల్దేరాను. టెక్సస్‌లో మేముండే ప్లేనో నుంచి హైవే 75 పట్టుకుని పైకి పోవడమే, రెడ్ రివర్ దాటితే ఓక్లహోమా, మొత్తం నాలుగు గంటలు. అక్క కట్టిచ్చిన పులిహోర డ్యురాంట్ దాటకముందే అయిపోయింది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. బావకి గ్రీన్ కార్డ్ వచ్చి చాలా ఏళ్ళయింది, నేనింకా హెచ్-1బీ మీదే ఉన్నాను. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, నాలాంటివాళ్ళు మామూలు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కానీ 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనవి ఆ చట్టం దృష్టిలో యాంటీక్‌లు, అంటే అసలు తుపాకీల లెక్కలోకే రావు. రాష్ట్రాన్ని బట్టి రూల్స్ మారతాయి కాబట్టి నా మాట నమ్మి కొనేయకండి, మీ లాయర్‌ని అడగండి. నా సరదా అంతా అమెరికన్ సివిల్ వార్ కాలం దగ్గరే ఆగిపోవడానికి చరిత్ర మీద ప్రేమ ఎంత కారణమో వీసా కూడా అంతే కారణం.

టల్సాలో ఈ షో ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లోనూ నవంబర్‌లోనూ, ఎక్స్‌పో స్క్వేర్‌లో జరుగుతుంది. బయట గోల్డెన్ డ్రిల్లర్ అనే 75 అడుగుల చమురు కార్మికుడి విగ్రహం, లోపల ఒకే కప్పు కింద 11 ఎకరాలు, నాలుగు వేలకి పైగా టేబుళ్ళు. గేటు దగ్గర నా రివాల్వర్ ఖాళీగా ఉందో లేదో చూసి ప్లాస్టిక్ టై బిగించి పంపారు. ఒక టేబుల్ మీద రెండో ప్రపంచ యుద్ధం నాటి 1911ఎ1 మోడల్ పిస్టళ్ళు వరసగా ఉన్నాయి, అందులో ఒకటి టైప్‌రైటర్ల కంపెనీ రెమింగ్టన్ రాండ్ చేసింది. మా అమ్మమ్మ రవికలు కుట్టిన మిషన్ ఉందే, ఆ సింగర్ కంపెనీ కూడా 1941లో సైన్యానికి 500 పిస్టళ్ళు చేసిచ్చింది, ఇప్పుడు కలెక్టర్లు ప్రాణం పెట్టేది వాటికే. అవేమీ 1898కి ముందువి కావు కాబట్టి నేను చేతులు వెనక్కి కట్టుకుని చూశాను.

అసలు పాఠం కోల్ట్ 1860 ఆర్మీ దగ్గర మొదలైంది. సివిల్ వార్‌లో ఉత్తరాది సైన్యం లక్షకి పైగా కొన్న ఆరు గుళ్ళ రివాల్వర్ ఇది, 44 కాలిబర్, ఎనిమిది అంగుళాల గొట్టం. ఒక టేబుల్ మీద నీలంగా నిగనిగలాడుతూ ఒకటి, 2,400 డాలర్లు. పక్క వరసలో ఎండిన ఖర్జూరం రంగులో ఇంకొకటి, 3,100. నేనైతే కళ్ళు మూసుకుని మొదటిదే కొనేవాణ్ణి.

బావ అడిగి, ఒప్పుకున్నాకే చేతిలోకి తీసుకున్నాడు. నిగనిగలాడేదాన్ని లైటుకి అడ్డంగా తిప్పి "స్క్రూ రంధ్రాలు చూడు" అన్నాడు. నిజమే, రంధ్రం అంచులు గిన్నెలా లోపలికి జారి ఉన్నాయి, గొట్టం మీద కోల్ట్ అడ్రస్ అక్షరాలు సగం లోతే ఉన్నాయి, చట్రం మూలలు వాడిన సబ్బుబిళ్ళలా గుండ్రంగా అరిగాయి. అంటే ఎవరో తుప్పు గుంటలు పోయేదాకా సానబట్టి కొత్తగా నీలిపూత పూశారు. సైన్యం ఇన్‌స్పెక్టర్ చెక్కపిడి మీద కొట్టే ముద్ర కూడా ఆ సానలోనే పోయింది.

రెండోది చూడ్డానికి దరిద్రంగా ఉంది కానీ గొట్టం, చట్రం, ట్రిగ్గర్ కమ్మీ, పిడి వెనక పట్టీ, అన్నిటి మీదా ఒకటే సీరియల్ నంబరు, అంటే ఏ భాగమూ మారలేదన్నమాట. గొట్టాన్ని బిగించి పట్టుకునే వెడ్జ్ అనే చిన్న ఇనప ముక్క ఎప్పుడో ఊడిపోయి ఇంకోటి వేసేస్తారు, దీనికి అది కూడా అసలుదే. ఎడమ పక్క చెక్క మీద ముద్ర చేత్తో తడిమితే కాదు గానీ ఏటవాలుగా లైటు వేస్తే కనిపించింది. గుళ్ళు పట్టే సిలిండర్ చుట్టూ చెక్కిన ఓడల యుద్ధం సగం అరిగిపోయింది, అరగాల్సిన చోటే అరిగింది. ఆ బొమ్మ 1843లో కాంపెచే దగ్గర టెక్సస్ నేవీ మెక్సికో ఓడలతో చేసిన యుద్ధానిదని బావ చెప్పాడు. టెక్సస్‌కి నేవీ ఉండేదని ఇన్నేళ్ళూ అక్కడే ఉంటూ నాకు తెలీదు, సిగ్గేసింది.

ఇటలీలో చేసే నకళ్ళ బెడద వేరే ఉంది. తుపాకీని పరీక్షించాక అక్కడ కొట్టే ప్రూఫ్ ముద్రలు అరగదీసి, తుప్పు పట్టించి అసలువని అంటగట్టేవాళ్ళుంటారు. అరుగుదల అంతటా ఒకే కథ చెప్పాలి, పిడి నున్నగా అరిగి సిలిండర్ బొమ్మ నిన్న చెక్కినట్టుంటే అనుమానించాలి.

చివరికి నా రెమింగ్టన్ బయటికి తీశాను, గుండె దడదడ. ఆ టేబుల్ పెద్దాయన ఏమీ అనకుండా గొట్టం కింద గుళ్ళు దట్టించడానికుండే మీట, లోడింగ్ లీవర్, కిందికి దించి గొట్టం అడుగున నంబరు చూశాడు, నా అనుమతి అడిగి పిడి చెక్క విప్పి లోపలి నంబరుతో సరిచూశాడు, రెండూ కలిశాయి. భాగాల మీద ఇన్‌స్పెక్టర్ల చిన్న చిన్న అక్షరాలు కూడా దొరికాయి. తర్వాత ఇత్తడి కమ్మీ మీద లైటు వేసి, ఏం వాడావు అన్నాడు. చింతపండు అంటే ఏంటో చెప్పడానికి మాకు ఐదు నిమిషాలు పట్టింది. నవ్వాడు కానీ, ట్రిగ్గర్ వెనక నా వేలు పోని మూలలో మిగిలిన నల్లమరకని చూపించి, కమ్మీ పాతదనడానికి ఇప్పుడు ఇదే సాక్ష్యం, దీన్ని మాత్రం ముట్టుకోకు అన్నాడు. ఇస్తానన్న ధర నేను కొన్నదానికి 150 డాలర్లు తక్కువ. అమ్మలేదు.

ఖర్జూరం రంగు కోల్ట్ బావ కొన్నాడు. అక్కకి ఇంకా ధర చెప్పలేదు, మీరూ చెప్పకండి.

మర్నాడు క్లేర్‌మోర్‌లో జె.ఎం. డేవిస్ మ్యూజియం చూశాం. అక్కడ వేల తుపాకీలున్నాయి, రెండు గంటలు నడిచాక నాకన్నీ ఒకేలా కనబడ్డాయి. ఒక్కటి కూడా ఎవరూ తోమలేదని మాత్రం గమనించాను.

ఇంటికొచ్చాక అమ్మకి వీడియో కాల్‌లో రివాల్వర్ చూపించాను. కళ్ళజోడు సర్దుకుని దగ్గరగా చూసి, "బాగానే తోమావు గానీ నాన్నా, ఆ మూల ఇంకా నల్లగానే ఉంది చూడు, కాస్త ఉప్పు కూడా వేసి రుద్దు" అంది.