1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లు: ఈవెంట్స్‌కి నేను ప్రాక్టీస్ చేసిన తీరు

తెలంగాణ కానిస్టేబుల్ 2022 నోటిఫికేషన్ ప్రకారం ఈవెంట్స్‌లో, అంటే దేహదారుఢ్య పరీక్షల్లో, మగవాళ్లకు 1600 మీటర్ల పరుగుకి 7 నిమిషాల 15 సెకన్లు. అమ్మాయిలకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. మొదటి రోజు నాకు పట్టింది 8:40. 14 వారాల తర్వాత 6:56. ఆ మధ్యలో పనికొచ్చిందేదో, దండగైందేదో రాస్తున్నా.

మొదటి మూడు వారాలు దండగే. రోజూ పొద్దున్నే 1600 మీటర్లు ఫుల్ స్పీడ్‌లో పరిగెత్తడం, వాచ్ చూసుకోవడం, ఇంటికి రావడం. తొలివారం 15 సెకన్లు తగ్గాయి, ఆ తర్వాత టైమ్ కదల్లేదు. పైగా మోకాలి కింద ముందెముక లోపలి అంచున నొప్పి మొదలైంది. కారణం సులువే: ఆయాసం త్వరగానే తగ్గుతుంది, ఎముక గట్టిపడడానికి మాత్రం నెలలు పడుతుంది. దమ్ము పెరిగింది కదా అని సీసీ రోడ్డు మీద రోజూ బాదితే దెబ్బ ఎముకకే. బెత్తెడు మేర నొప్పి ఉంటే అది తగ్గేదాకా పరుగు ఆపి సైకిల్ తొక్కితే చాలావరకు సర్దుకుంటుంది. ఒక్క చోటే, వేలు పెట్టి చూపించగలిగేంత నొప్పి ఉండి, నడిచినా నొస్తుంటే అది ఎముక చిట్లడం కావచ్చు. డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

తర్వాత మట్టి గ్రౌండ్‌కి మారి, వారానికి నాలుగు రోజులే పరిగెత్తాను. అందులో మూడు రోజులు మెల్లగా. మెల్లగా అంటే పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత, నాకైతే కిలోమీటరుకి 7 నిమిషాల పైనే. రెండు రోజులు 4 కిలోమీటర్లు, ఆదివారం 6. జాగింగ్‌కి వచ్చిన అంకుల్స్ దాటేసి పోతుంటే ఉక్రోషం వస్తుంది. రానీ. టైమ్ తగ్గింది ఈ మెల్లటి పరుగు వల్లే, ఎందుకంటే నాలుగో రోజుకి కాళ్లు తాజాగా ఉండేవి.

నాలుగో రోజు స్పీడ్. 7:15ని 400 మీటర్ల నాలుగు రౌండ్లకు పంచితే రౌండుకి 1:48 చిల్లర. నేను పెట్టుకున్నది 1:44. మొదట 200 మీటర్లు 52 సెకన్లలో, ఎనిమిది సార్లు. మూడు వారాలయ్యాక 400 మీటర్లు నాలుగుసార్లు, తర్వాత ఆరుసార్లు, మధ్యలో రెండు నిమిషాల నడక. చివరి రౌండ్ మొదటిదానికంటే నాలుగు సెకన్లు ఎక్కువ పట్టిందంటే మొదట్లో తొందరపడ్డట్టు. అక్కడితో ఆపేయాలి, ఇంకోటి కలపకూడదు. ప్రతి నాలుగో వారం మొత్తం దూరంలో మూడో వంతు కోసేయాలి. నేను ఒకసారి ఎగ్గొడితే తర్వాతి వారమే పిక్క పట్టేసింది.

మిగతా రోజుల్లో రెండు రోజులు బస్కీలు, దండీలు, మెట్టు అంచున ఒంటికాలి మీద మడమ లేపడం కాలికి 15 చొప్పున మూడుసార్లు. ముందెముక నొప్పి మళ్లీ రాకపోవడంలో ఈ మడమల పని పాత్ర ఉందని నా నమ్మకం.

పరుగు రోజు అందరూ చేసే తప్పు మొదటి రౌండ్‌లోనే. గుంపుతో కొట్టుకుపోయి 1:35లో తిరిగితే మూడో రౌండ్ రెండు నిమిషాలకు దిగుతుంది. రెండో తప్పు బయటి లేన్. రెండో లేన్‌లో తిరిగితే రౌండుకి దాదాపు 7.7 మీటర్లు ఎక్కువ, నాలుగు రౌండ్లకు 30 మీటర్లు, అంటే 8 సెకన్లు. 7:12 ప్రాక్టీస్ ఉన్నవాడు ఇక్కడే పోతాడు. దాటాలంటే మలుపులో కాదు, తిన్నగా ఉన్న చోట దాటాలి.

మగవాళ్లకు లాంగ్ జంప్ 4 మీటర్లు. దూకడం కంటే దిగడం నేర్చుకోవాలి. దిగాక వెనక్కి కూలబడి చెయ్యి ఆనిస్తే కొలత ఆ చెయ్యి గుర్తు నుంచే. షాట్‌పుట్ మగవాళ్లకు 7.26 కిలోల గుండు, 6 మీటర్లు. బంతిలా విసిరితే మోచెయ్యి పోతుంది. గుండు మెడకి ఆనించి, మోచెయ్యి గుండు వెనకే ఉంచి, కాళ్లతో లేచి నెట్టాలి. వారానికి రెండుసార్లు, 12 త్రోలు చాలు.

చివరి పది రోజుల్లో దూరం సగం చేశాను, కొత్త షూ జోలికి పోలేదు. ఈవెంట్ రోజు రెండు గంటల ముందు రెండు అరటిపండ్లు, ఒక గ్లాసు నీళ్లు. పాలు, ఇడ్లీ లాంటివి మాత్రం తాకలేదు, ప్రాక్టీస్‌లో రెండుసార్లు పక్కలో పోటు పొడిచింది వాటితోనే.