రొయ్యల ఊళ్ళో ఉప్పునీటి ట్యాంక్: టెస్ట్ కిట్లతో నా తంటాలు

మా బావ ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలు చేస్తాడు. వేదాయపాళెంలో మా అపార్ట్‌మెంట్ హాల్లో మూడడుగుల ఉప్పునీటి ట్యాంక్ పెడతానంటే నవ్వాడు. "ఏంది బామ్మర్దీ, గుంటలేసి మేం పడే టెన్షన్ చాలదా, నువ్వు ఇంట్లోకే తెచ్చుకుంటావా?"

రాళ్ళు, ఇసుక సర్ది, ఆర్‌ఓ నీళ్ళలో సముద్రపు ఉప్పు కలిపి పోశా. బ్యాక్టీరియాకు మేతగా ఒక పచ్చి రొయ్య వేశా. నెల్లూరులో దానికి కరువేముంది! అది కుళ్ళితే అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ సున్నాకి దిగేదాకా చేపల్ని వదలకూడదు. అందుకే కిట్లు.

మొదటి కిట్ దగ్గరే బోల్తా పడ్డా. షాపులో అమ్మోనియా కిట్ అడిగితే ఒకటి చేతిలో పెట్టారు, నేనూ డబ్బా చూడకుండా తెచ్చుకున్నా. చుక్కలు వేయగానే గొట్టంలో నీళ్ళు బియ్యం కడిగినట్టు తెల్లగా అయిపోయాయి. రంగుల చార్టులో అలాంటి గడే లేదు. తీరా చూస్తే అది నెస్లర్ రసాయనంతో చేసిన మంచినీటి కిట్. సముద్రపు నీళ్ళలో మెగ్నీషియం ఎక్కువ, ఆ రసాయనంలో క్షారం తగిలితే తెల్లటి మడ్డిగా విడిపోతుంది. పైగా అందులో పాదరసం ఉంటుంది, సింకులో పారబోయడానికీ లేదు. ఆ తర్వాత సాల్ట్‌వాటర్‌కి పనికొస్తుందని రాసి ఉన్న సాలిసిలేట్ కిట్ తెప్పించా. అందులో అమ్మోనియా లేకపోతే పసుపు, ఉంటే ఆకుపచ్చ. ట్యూబ్‌లైట్ కింద ఆ లేత పసుపూ, లేత ఆకుపచ్చా ఒకటే అనిపిస్తాయి. పగలు బాల్కనీలోకి తీసుకెళ్ళి చూడాల్సిందే.

నైట్రేట్ కిట్ ఇంకో కథ. వారాల తరబడి సున్నా చూపిస్తుంటే బావ దగ్గర గొప్పలు పోయా. నైట్రేట్ తిని పెరిగే నాచు మాత్రం అద్దాల మీద దట్టంగా పడుతోంది. అనుమానమొచ్చి కాగితం మళ్ళీ చదివితే, రెండో సీసాను 30 సెకన్లు గట్టిగా ఊపమని ఉంది. అందులోని పొడి అడుగున పేరుకుపోయి ఉంటుంది, నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చి రంగు తెప్పించేది ఆ పొడే. చెయ్యి నొప్పెట్టేలా ఊపి వేస్తే 5 నిమిషాల్లో గొట్టం ఎర్రబడింది, 40 పీపీఎం! ఇదే కారణంగా నీళ్ళలో నైట్రైట్ మిగిలి ఉన్నప్పుడు కూడా ఈ కిట్ తప్పు లెక్క చెబుతుంది. అందుకే అన్నీ ఒకేసారి పెద్ద డబ్బాగా కొనడం దండగ, ముందు అమ్మోనియా, నైట్రైట్ చాలు. నైట్రేట్ తర్వాత కొనుక్కోవచ్చు. సీసాల మీద ఎక్స్‌పైరీ తేదీ నడుస్తూనే ఉంటుంది కదా.

ఉప్పు కొలవడానికి బావ రిఫ్రాక్టోమీటరే అరువు తెచ్చుకున్నా. గుంటల్లో 15 పీపీటీ (వెయ్యి భాగాల నీళ్ళలో 15 భాగాల ఉప్పు) ఉన్నా రొయ్య బతుకుతుంది, నాకు మాత్రం 35 కావాలి. అందుకని 35 స్టాండర్డ్ ద్రావణం చుక్క వేసి చూస్తే 33 చూపించింది. చిన్న స్క్రూ తిప్పి సరిచేసుకున్నా.

పగడాలు (కోరల్స్) పెట్టాలనుకున్నాక ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే నీళ్ళ శక్తి, కొలిచే కిట్ కొన్నా. చుక్కలు లెక్కపెట్టుకుంటూ వేయాలి, నీలం పసుపుగా మారేసరికి ఎన్ని చుక్కలైతే అన్ని డీకేహెచ్ (ఆల్కలినిటీకి వాడే కొలత). నాకు 8 వచ్చింది. నమ్మకం కుదరక, గుంటల నీళ్ళు పరీక్ష చేయించడానికి బావ వెళ్ళే ల్యాబ్‌లో లీటరు సీసాతో శాంపిల్ ఇచ్చా. అక్కడ పీపీఎంలో ఇస్తారు: 140. దాన్ని 17.9తో భాగిస్తే 7.8, నా చుక్కల లెక్క సరిపోయింది. ఇంటి కిట్ నిజం చెబుతోందో లేదో చూసుకోవడానికి ఇంత మంచి దారి అన్ని ఊళ్ళవాళ్ళకూ దొరకదు.

శాంపిల్ తీసుకునేటప్పుడు ల్యాబ్ కుర్రాడు అడిగాడు, "ఎన్నెకరాల గుంట సార్?"

"మూడడుగులు."

నా మొహంలోకి ఒకసారి చూసి, గ్రీన్ కాలనీ టెస్ట్ (రొయ్యలకు జబ్బు చేసే విబ్రియో బ్యాక్టీరియా కోసం చేసే పరీక్ష) కూడా చెయ్యాలా అని అడిగాడు. వద్దన్నా. రిపోర్టులో గుంట నంబర్ దగ్గర 'హాలు' అని రాసిచ్చాడు.