బాస్‌తో తేల్చుకునే ముందు తారీఖులు చూసుకోండి

అమెరికాలో మేనేజర్ పీక్కుతింటున్నాడని ఫోన్ చేస్తే, కూకట్‌పల్లిలో ఉన్న అమ్మానాన్నలు అనేది రెండే మాటలు. "ఓర్చుకో నాన్నా", లేదంటే "వదిలేసి వచ్చెయ్". రెండూ ప్రేమతో అనేవే. కానీ హెచ్‌-1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకు ఈ రెండింటికీ నడుమ చాలా దారి ఉంది.

ఉద్యోగం పోయినా, మానేసినా అక్కడ ఉండటానికి దొరికేది మహా అయితే 60 రోజులు. ఐ-94 (అక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకన్నా ముందే తీరితే అప్పటివరకే. ఆ లోపు కొత్త కంపెనీ మీ పేరున వీసా పిటిషన్ వేస్తే చాలు, ఆమోదం దాకా ఆగకుండా చేరొచ్చు. అందుకే ఎదురు తిరిగే ముందు ఇంకో ఆఫర్ చేతిలో ఉండాలి. కొత్త కంపెనీ లాయరు ఐ-797 (వీసా పిటిషన్ ఆమోద పత్రం), జీతం వివరాలుండే పే స్టబ్‌లు అడుగుతారు. అవి ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే ఉంటే, తీసేసిన రోజు లాగిన్‌తో పాటే పోతాయి. ఇవాళే ఇంట్లో ఒక కాపీ పెట్టుకోండి.

గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నవాళ్లకు ఇంకో లెక్క. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదమై 180 రోజులు దాటితే, కంపెనీ వెనక్కి తీసుకున్నా ఆ ఆమోదం రద్దు కాదు. హెచ్‌-1బీకి ఉండే ఆరేళ్ల గడువు నిండాక పొడిగింపుకు అదే ఆధారం. 170వ రోజున ఉన్నవాళ్లు పది రోజులు పళ్లబిగువున భరిస్తే అది పిరికితనం కాదు.

ఈలోగా సొంత నోట్‌బుక్‌లో రాసుకోండి. "బాస్ అవమానించాడు" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. "మంగళవారం, ఉదయం 10.15, స్టాండప్ కాల్, ఏడుగురున్నారు, 'నీ వీసా ఎవరి చేతిలో ఉందో గుర్తుపెట్టుకో' అన్నాడు" అని ఉండాలి. నోటితో చెప్పిన పనిని అదే రోజు మెయిల్‌లో పెట్టండి: "మీరు చెప్పినట్టు శుక్రవారానికి ఈ రెండు పూర్తి చేస్తాను, మూడోది వచ్చే వారం. మార్పుంటే చెప్పండి." నేనలా అనలేదని మాట మార్చే మనిషికి ఇంతకన్నా మంచి మందు లేదు. చాటుగా రికార్డు మాత్రం చేయొద్దు. కాలిఫోర్నియాలాంటి రాష్ట్రాల్లో వ్యక్తిగత సంభాషణను అందరి అనుమతి లేకుండా రికార్డు చేయడం నేరం.

బాస్ కోపిష్టి అయినంత మాత్రాన చట్టం పట్టించుకోదు. పుట్టిన దేశం, మతం, రంగు కారణంగా వేధిస్తే, ఉద్యోగాల్లో వివక్షపై ఫిర్యాదులు తీసుకునే అమెరికా ప్రభుత్వ సంస్థ ఈఈఓసీకి వెళ్లొచ్చు. గడువు 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300. హెచ్‌ఆర్ ముందుగా కాపాడేది కంపెనీనే, అది మనసులో పెట్టుకుని మాట్లాడండి.

మన తెలుగు కన్సల్టెన్సీల్లో వేధింపు అరుపుల రూపంలో రాదు. "తమ్ముడూ, ప్రాజెక్టు దొరికేదాకా సర్దుకో" అంటూ వస్తుంది. పని లేదని జీతం ఆపడం హెచ్‌-1బీ నిబంధనలకు విరుద్ధం. డబ్ల్యూహెచ్-4 ఫారంతో అక్కడి కార్మిక శాఖకు ఫిర్యాదు చేయొచ్చు, 12 నెలల్లోపు. "అన్నా" అని పిలిచినందుకు జీతం వదులుకోనక్కర్లేదు.

గొడవకు అన్నిటికన్నా చెడ్డ సమయం హైదరాబాద్ సెలవు. ఇంటి భోజనం, చుట్టూ మనవాళ్లు, రాజీనామా మెయిల్ కొట్టేయాలనిపిస్తుంది. కానీ ఆ 60 రోజులు అమెరికాలో ఉన్నవాళ్లకే. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరి, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ కోసం చూస్తున్నప్పుడు ఉద్యోగం పోతే, ఆ స్టాంపింగ్ అక్కడే ఆగిపోతుంది. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఇచ్చిన ఉత్తర్వు వల్ల, దేశం బయటున్నవారికి వేసే కొత్త పిటిషన్‌పై లక్ష డాలర్ల ఫీజు కూడా పడొచ్చు. ఆ మెయిల్ డ్రాఫ్ట్‌లోనే ఉంచి, తిరిగి వెళ్లాక పంపండి.