ఓకే నొక్కమంటావా బిడ్డా?

మార్చి, మంగళవారం, హనుమకొండ

ఎనుమాముల యార్డుకు మిర్చి బస్తాలు పోటెత్తినన్నాళ్లూ మా సపోర్టు డెస్కుకు ఊపిరాడదు. సరుకు కోల్డ్ స్టోరేజీకి చేరుతుంది, దాని లెక్కలు ఫైళ్లుగా ఎక్కడెక్కడికో చేరాలి. అవి భద్రంగా చేరేలా చూడటం నా ఉద్యోగం. పని ఆగిపోయిన ప్రతివారూ చెప్పేది ఒకటే: లాగిన్ కావడం లేదు. ఆ ఒక్క మాట వెనక పది కారణాలుండవచ్చు. అందుకే తెర మీద ఏముందో ఉన్నదున్నట్టు చదవమని ముందు అడుగుతాను.

ఉదయాన్నే పరకాల రోడ్డులోని జిన్నింగ్ మిల్లు నుంచి ఫోను. పత్తి రైతుల చెల్లింపుల ఫైలు బ్యాంకు సర్వర్‌కు ఎక్కడం లేదు. అకౌంటెంట్ మేడం అప్పటికే పాస్‌వర్డ్ మార్చేశారు, మళ్లీ మార్చబోతున్నారు. ఆపమన్నాను. తెర మీద ఉన్నది ‘టైమ్ అవుట్’. పాస్‌వర్డ్ తప్పయితే సర్వర్ ఆ సంగతి వెంటనే చెబుతుంది. అసలు జవాబే రాలేదంటే దారిలో ఫైర్‌వాల్, అంటే తెలియనివాళ్లను ఆపే కాపలా, అడ్డుపడుతోందేమో చూడాలి. రాత్రి కరెంటు పోయి వచ్చాక మిల్లు రౌటర్‌కు కొత్త ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో దాన్ని గుర్తుపట్టే నంబరు) వచ్చింది. బ్యాంకేమో తన దగ్గర నమోదైన చిరునామా నుంచి వస్తేనే లోపలికి రానిస్తుంది. మిల్లు లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాయించి, సంతకం పెట్టించి పంపితే, సాయంత్రానికి గానీ దారి తెరుచుకోలేదు. డబ్బులు పడ్డాయన్న మెసేజీ కోసం పొద్దంతా ఫోను చూసుకున్న రైతుకు ఐపీ చిరునామాతో ఏం పని? ఎప్పటికీ మారని చిరునామా తీసుకోమని ఎన్నాళ్ల నుంచో చెబుతున్నాను. ఈసారి యజమాని ఒప్పుకున్నారు.

మట్టెవాడలోని మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర పనిచేసే కుర్రాడి సమస్య తొందరగానే తేలింది. ఫోనులోని యాప్ చూపించే ఆరంకెల కోడ్ ఎప్పుడు కొట్టినా తప్పంటోంది. ఆ కోడ్ గడియారాన్ని బట్టి పుడుతుంది, 30 సెకన్లకోసారి మారుతుంది. అతని ఫోనులో టైము చేత్తో పెట్టింది, నాలుగైదు నిమిషాలు ముందుంది. ఆటోమేటిక్‌కు మార్చగానే లాగిన్ అయ్యాడు.

మధ్యాహ్నం కోల్డ్ స్టోరేజీ గుమస్తా గారు ఫోను చేశారు. అరవై దాటిన మనిషి. నన్ను బిడ్డా అంటారు, నేను కాకా అంటాను. మిర్చి రకాల్లో తేజ ఎన్ని బస్తాలు, వండర్‌హాట్ ఎన్ని, చపాటా ఎన్ని అని లాట్ల వారీగా పట్టీ తయారుచేసి రోజూ ఎగుమతి సంస్థ సర్వర్‌కు పంపుతారు. ఈరోజు ఫైళ్లు పంపే ప్రోగ్రామ్ ఫైల్‌జిల్లా తెరవగానే హెచ్చరిక వచ్చింది. “సర్వర్ తాళం మారిందట, కొత్తదాన్ని నమ్ముతావా అంటోంది. ఓకే నొక్కమంటావా బిడ్డా?”

నొక్కకముందు అడిగారు చూడండి, అందుకు ఆయనకు దండం పెట్టాలనిపించింది. ప్రతి సర్వర్‌కూ దానిదే అయిన తాళం ఒకటి ఉంటుంది. మొదటిసారి కలిసినప్పుడు మన కంప్యూటర్ దాన్ని గుర్తు పెట్టుకుంటుంది, తర్వాత తేడా వస్తే ఇలా ఆపి అడుగుతుంది. అవతలివాళ్లు కొత్త యంత్రం పెట్టి ఉండవచ్చు, లేదా దారి మధ్యలో ఎవరో ఆ సర్వర్ వేషం వేసుకుని కూర్చుని ఉండవచ్చు. రెంటిలో ఏదో ఆ హెచ్చరిక చెప్పలేదు. రెండోదే నిజమైతే, ఓకే అన్నాక కాకా కొట్టే పాస్‌వర్డ్ నేరుగా దొంగ చేతికి వెళుతుంది.

వెతికితే ఒక మెయిల్ దొరికింది. సర్వర్ మార్చామనీ, హెచ్చరిక వస్తే ఓకే చేయమనీ, సందేహముంటే ఫోను చేయమనీ అందులో ఉంది. ఆ నంబరుకు చేయలేదు. దొంగ మెయిల్ అయితే అందులోని నంబరూ దొంగదే అవుతుంది కదా. కాకా బీరువాలోంచి ఒప్పంద పత్రం తీసి అందులో ఉన్న నంబరు చదివారు. అవతలి ఇంజనీరు కాస్త విసుక్కున్నాడు: “అందరూ ఓకే చేసేశారు మేడం, మీరొక్కరే అడుగుతున్నారు.” అయినా సరే, సర్వర్ వేలిముద్ర, అంటే దాని తాళాన్ని గుర్తుపట్టే అక్షరాల వరుస, చదవమన్నాను. 43 అక్షరాలు, పెద్దవీ చిన్నవీ అంకెలూ కలగలిసి ఉంటాయి. అతను చదువుతుంటే నేను అక్షరం అక్షరం కాకాకు చెప్పాను, ఆయన తెర మీద వేలు జరుపుతూ ఊఁ కొట్టారు. ఒకచోట ఆగారు: “ఇది చిన్న ఎల్లా, పెద్ద ఐయా? రెండూ ఒట్టి గీతల్లాగే ఉన్నాయి.” నిజమే. ఆ వరుసను నోట్‌ప్యాడ్‌లోకి తెచ్చి అక్షరాల రూపు మార్పించాను. చిన్న ఎల్లే. చివరి దాకా సరిపోయింది. అప్పుడు నొక్కమన్నాను. పట్టీ క్షణాల్లో వెళ్లిపోయింది.

ఫిన్లాండ్‌లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రామ్ బయటపడ్డాకే, 1995లో టాటూ యిలోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. సర్వర్‌ను ఇలా తాళంతో గుర్తుపట్టి, పాస్‌వర్డ్‌ను దారిలో ఎవరూ చదవకుండా దాచి పంపే పద్ధతి అది. సర్వర్‌లో ఒక్కో పనికీ పోర్టు అనే నంబరున్న ద్వారం ఉంటుంది. ఫైళ్లు పంపే పాత పద్ధతి ఎఫ్‌టీపీది 21వ పోర్టు, దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే టెల్నెట్‌ది 23. రెండూ పాస్‌వర్డ్‌ను దాపరికం లేకుండా పంపేవే. మధ్యలో ఖాళీగా ఉన్న 22 ఎస్‌ఎస్‌హెచ్‌కు దక్కింది. మా కాకా పట్టీ వెళ్లేది ఇప్పటికీ ఆ 22 గుండానే.

అందరూ ఓకే చేసేశారన్న మాట మాత్రం మనసులోంచి పోవడం లేదు. హెచ్చరిక చూసి కళ్లు మూసుకుని నొక్కడం అలవాటైతే, నిజంగా దొంగ వచ్చిన రోజునా అలాగే నొక్కుతారు. వాళ్లను అనేముంది? ఓకే చేయమని రాసి పంపింది సంస్థే. ఈసారి సర్వర్ మార్చేటప్పుడు కొత్త వేలిముద్రను ముందుగానే, సంతకం చేసిన ఉత్తరంలో, సరుకు పంపే వాళ్లందరికీ ఇవ్వాలని రేపు ఆ సంస్థకు రాస్తాను. ఉత్తరం కింద కోల్డ్ స్టోరేజీ యజమాని కూడా సంతకం చేస్తానన్నారు.