ఒకే మనిషి ఉత్తరాలు, రెండు గ్రంథాలయాలు

ఆ వృక్షశాస్త్రవేత్త పోయాక ఆయన కాగితాలు రెండు వాటాలయ్యాయి. ఒకటి ఒక గ్రంథాలయానికి వెళ్లింది. రెండోది, అక్కడి నుంచి ఒక రాత్రి రైలు ప్రయాణమంత దూరంలో ఉన్న విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి చేరింది. నాలుగేళ్లుగా ఆయన జీవితం మీద పనిచేస్తున్నాను కాబట్టి రెండూ చూసి రావాలని బయల్దేరాను.

మొదటి చోట నన్ను ఆదరంగా చూశారు. అల్మారా తాళం తీసి, కావలసినంతసేపు కూర్చోమన్నారు. ఫైలు తెరవగానే నా ప్రాణం ఉసూరుమంది. ఉత్తరాలన్నిటికీ చిల్లులు వేసి, తేదీల వరసలో గుచ్చేశారు. కవర్లు ఒక్కటీ లేవు. చిరుగుల మీద అంటించిన టేపు గోధుమరంగుకు తిరిగి, దాని కింది అక్షరాలు కనబడటం లేదు. గుండుసూదుల తుప్పు కింది పేజీల దాకా దిగింది. ముఖ్యమనుకున్న ఉత్తరాలను మరింత భద్రంగా ఉంచాలని లామినేషన్ చేయించారు. వేడితో అతుక్కున్న ఆ ప్లాస్టిక్‌ను కాగితం దెబ్బతినకుండా ఊడదీయడం దాదాపు అయ్యే పని కాదు.

ఆ ఫైళ్లలో అక్కడక్కడా ఒకే చేతిరాతతో పదకొండు ఉత్తరాలు కనిపించాయి. కింద సంతకం బదులు ఒకే ఒక్క పొడి అక్షరం. ఎవరు రాశారు? కవరు ఉంటే చిరునామానో, తపాలా ముద్రో ఉండేది. అన్నీ ఒకే కట్టలో ఉన్నా ఏదో ఒక ఆచూకీ దొరికేది.

అక్కడి ఉద్యోగులను తప్పుపట్టలేను. పుస్తకాలను వాళ్లు చక్కగా చూసుకుంటున్నారు. అచ్చయిన పుస్తకానికి మరో ప్రతి ఎక్కడో ఉంటుంది. సంఖ్య వేసి అరలో పెడితే దాని చోటు దానికి దొరుకుతుంది. ఒక మనిషి కాగితాల పెట్టె సంగతి వేరు. ఏ కాగితం పక్కన ఏది ఉందన్నదే అందులో సగం సమాచారం. అది తెలిసిన ఆర్కైవిస్టును, అంటే ఇలాంటి కాగితాలను సర్ది భద్రపరిచే నిపుణులను, అక్కడ ఎప్పుడూ నియమించలేదట.

మర్నాడు ఉదయం రెండో గ్రంథాలయంలో సంచి, పెన్ను బయటే పెట్టించి చేతికి పెన్సిల్ ఇచ్చారు. బల్ల మీద ఒకసారికి ఒకే ఫోల్డర్. గ్లవ్స్ అడిగితే ప్రత్యేక సేకరణల ఆర్కైవిస్టు వద్దన్నారు. "వాటితో వేళ్లకు స్పర్శ తెలియదండీ, అంచులు చిరుగుతాయి. కాగితానికి శుభ్రమైన పొడి చేతులు చాలు. ఫొటోలు చూసేటప్పుడు ఇస్తాను."

ఆమ్లం లేని అట్టపెట్టెలో ఫోల్డర్లు, వాటి మీద పెన్సిల్‌తో సంఖ్యలు. తుప్పు సూదులు తీసేశారు గానీ, ఏ కాగితం దేనితో కలిసి ఉండేదో రాసిపెట్టారు. ఏడో ఫోల్డర్‌లో ఒక చిన్న కట్ట. పాత పురికొస బదులు నూలు పట్టీ కట్టారు, పైన చుట్టిన కాగితాన్ని మాత్రం అలాగే ఉంచారు. దాని మీద ఆయన చేతిరాత: "తోట నుంచి వచ్చినవి." లోపల ఆరు ఉత్తరాలు, కవర్లతో సహా. అదే చేతిరాత, అదే పొడి అక్షరం. కవరు వెనక పంపిన మనిషి పూర్తి పేరు, ఒక వృక్షోద్యానం చిరునామా! ఆ క్షణాన నా చేతులు వణికాయి.

తేదీల వరసలో పెడితే చదివేవాళ్లకు సులువు కదా అని అడిగాను. "ఆ వరస జాబితాలో ఎప్పుడైనా తయారు చేసుకోవచ్చు. చెదిరిన కట్టను మళ్లీ కట్టలేం" అన్నారావిడ. ఒకరి దగ్గరి నుంచి వచ్చిన కాగితాలను వేరేవాళ్లవాటితో కలపకూడదని ఫ్రాన్సు ప్రభుత్వం 1841లోనే ఉత్తర్వు ఇచ్చింది. కాగితాల అసలు వరసను గౌరవించాలన్న సూత్రాన్ని ముల్లర్, ఫైత్, ఫ్రూయిన్ అనే ముగ్గురు డచ్ ఆర్కైవిస్టులు 1898లో తమ కరదీపికలో స్థిరపరిచారు. పాతకాలపు చాదస్తం అనిపించవచ్చు. నాకు మాత్రం ఆ చాదస్తమే ఆ పేరు చూపించింది.

మధ్యాహ్నం ఆవిడ పక్క గదిలో కొత్తగా వచ్చిన ఫిల్ము డబ్బాలు తెరుస్తుంటే చూశాను. మూత తీయగానే ఒకదాంట్లోంచి పుల్లటి వాసన కొట్టింది. వెంటనే దాన్ని వేరుచేశారు. అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము పాడవడం మొదలైతే వెనిగర్ వాసన వస్తుంది. ఆ ఆమ్లపు ఆవిరి ఫిల్మును మరింత వేగంగా తినేయడమే కాదు, పక్క డబ్బాలకూ చేటు చేస్తుంది. చలిగదిలో పెడితే ఆ వేగం తగ్గుతుంది. ఈలోగా డిజిటల్ ప్రతి తీసుకోవచ్చు. వాసన పట్టి, అర్థం చేసుకునే మనిషి లేకపోతే ఆ డబ్బా మిగతావాటి మధ్యే ఉండిపోయేది.

బయల్దేరే ముందు మొదటి గ్రంథాలయంలోని పదకొండు ఉత్తరాల సంగతి చెప్పాను. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆ ఉత్తరాల తేదీలన్నీ నా నోట్‌బుక్కులోంచి చదివించుకున్నారు. తర్వాత ఏడో ఫోల్డర్ వివరణ కింద ఒక వాక్యం చేర్చారు: ఇదే వ్యక్తి రాసిన మరో పదకొండు ఉత్తరాలు ఫలానా గ్రంథాలయంలో ఉన్నాయి. ఆ గ్రంథాలయం ఫోన్ నంబరు కూడా అడిగి తీసుకున్నారు.