పెంకుకి దాని పొరే అడ్రస్

ఎండలు మొదలయ్యాయని మొన్న పెందుర్తి రోడ్డు పక్కన నీళ్ళ కుండ కొన్నాను. ఎర్రటి కుండే గానీ ఒక పక్క అరచెయ్యంత నల్ల మచ్చ. మాడిపోయిందా తాతా అంటే "మాడనేదు బాబూ, ఆవంలో పక్క కుండ ఆనుకుంది, అక్కడ గాలాడనేదు, అంతే" అన్నాడు.

అప్పట్నుంచి బుర్రలో అదే తిరుగుతోంది, ఎందుకంటే ఆర్కియాలజీ వాళ్ళు బ్లాక్ అండ్ రెడ్ వేర్ అనే కుండల సంగతి కూడా ఇదే. లోపలా మూతి దగ్గరా నలుపు, బయట కిందంతా ఎరుపు. మట్టిలో ఉన్న ఇనుముకి కాల్చేటప్పుడు గాలి అందితే ఎర్రబడుతుంది, అందకపోతే నల్లబడుతుంది. కుండని బోర్లించి కాల్చేవాళ్ళని చాలామంది చెప్తారు. తాత కుండకి పొరపాటున వచ్చిన మచ్చని వాళ్ళు కావాలని రప్పించారన్నమాట!

1947లో మోర్టిమర్ వీలర్ అనే బ్రిటిష్ ఆర్కియాలజిస్ట్ కర్ణాటకలో బ్రహ్మగిరి తవ్వినప్పుడు అడుగు పొరల్లో, అంటే అన్నిటికంటే పాతవాటిలో, రాతి గొడ్డళ్ళు, వాటితో పాటు చేత్తో చేసిన బూడిదరంగు మోటు కుండలు, వాటిపైన ఇనుము, రాక్షసగుళ్ళు (పెద్ద రాళ్ళతో కట్టిన పాతకాలం సమాధులు), ఈ నలుపు-ఎరుపు కుండలు, ఇంకా పైన కుమ్మరి సారె మీద చేసిన, ఎర్ర పూతా తెల్ల గీతలూ ఉన్న కుండలు దొరికాయి. ఆ పై పొరకి ఆయన పెట్టిన పేరు ఆంధ్రా కల్చర్. అందులోనే లోపల చిన్న చిన్న గాట్లతో వలయాలున్న రూలెటెడ్ పళ్ళేల పెంకులు కూడా ఉన్నాయి, అలాంటివే 1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడులో ఇటలీ నుంచి వచ్చిన కుండలతో పాటు దొరికాయి, ఇటలీ కుండల కాలం ముందే తెలుసు కాబట్టి ఆ లెక్క పట్టుకుని బ్రహ్మగిరికి కాలం కట్టారు. నాకైతే ఇది చదివిన ప్రతిసారీ ఒళ్ళు పులకరిస్తుంది.

అడుగు పొర క్రీ.పూ. 1000 ప్రాంతంలో మొదలైందని వీలర్ అంచనా. తర్వాత రేడియోకార్బన్ (పాత బొగ్గు, ఎముకల్లాంటి వాటిలో మిగిలిన కార్బన్ని కొలిచి వయసు చెప్పే పద్ధతి) వచ్చాక దక్షిణాది కొత్తరాతియుగం క్రీ.పూ. 3వ సహస్రాబ్దిలోకి వెళ్ళిపోయింది. సంవత్సరాలు మారాయి గానీ ఏది ముందు ఏది తర్వాత అన్న వరుస మాత్రం నిలబడింది, అది పెంకుల చలవే.

కానీ ఒకే రంగు కుండ దొరికితే ఒకే జనం అనుకోకూడదు. నలుపు-ఎరుపు కుండలు గుజరాత్‌లో హరప్పా కాలం నాటి లోథల్‌లోనూ ఉన్నాయి, తమిళనాడు సమాధుల్లోనూ ఉన్నాయి, మధ్యలో వెయ్యేళ్ళ పైనే తేడా. ఆకారం, అంచు, పక్కన దొరికిన సామాను, అన్నిటికంటే ముందు పొర, ఇవన్నీ కలిపి చూడాలి.

పోయినేడాది ఒక ఫ్రెండ్ ఏదో దిబ్బ మీద ఏరిన పెంకు తెచ్చి ఇది ఏ కాలందిరా అని అడిగాడు. చాలా బావుంది, అచ్చం నలుపు-ఎరుపే. ఎక్కడ తీశావురా అంటే, గుర్తులేదు అన్నాడు.