జడ్జి కుర్చీలో కూర్చున్న సోమవారం

పొద్దున లేవగానే అద్దం ముందుకు వెళ్లాను. ఎడమ కనుబొమ్మ పైన వాపు నిన్నటికన్నా తగ్గింది. రంగు మాత్రం పచ్చగా మారింది. అమ్మ రాత్రి పట్టించిన పసుపో, దెబ్బ మానేటప్పుడు వచ్చే రంగో తెలియదు. వేలితో నొక్కితే ఇంకా సలుపుతోంది. గుద్దు తగిలి వచ్చిన వాపు అయితే ఇంత బాధ ఉండేది కాదు. ఇది తల తగిలి వచ్చింది. తలలు కొట్టుకున్నది ఇద్దరివీ, వార్నింగ్ వచ్చింది నా ఒక్కడికి.

నిన్న మహబూబ్‌నగర్‌లో నా పదకొండో బాక్సింగ్ బౌట్. 3-2తో ఓడిపోయాను. ఐదుగురు జడ్జిల్లో ముగ్గురు అవతలి బ్లూ కార్నర్ అబ్బాయి గెలిచాడన్నారు, ఇద్దరు నేనన్నారు. తిరుగు బస్సులో జడ్చర్ల దాటి, కల్వకుర్తి దాటి, కొండమల్లేపల్లి వచ్చేదాకా నోరు విప్పలేదు. మా కోచ్ సార్ కూడా కదిలించలేదు. అక్కడ బస్సు ఆగినప్పుడు చాయ్ తెచ్చి చేతికిచ్చి ఒక్క మాటే అన్నారు. "రేపు సాయంత్రం పెన్ను తెచ్చుకో. గ్లవ్స్ వద్దు."

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి. ఈ నోట్‌బుక్ పెట్టుకున్నదే అందుకు.

మొదటి రౌండ్ నాది. ఈ మాట గట్టిగా చెప్పగలను. దూరం కుదిరింది, అతను ముందుకు వచ్చినప్పుడల్లా నా జాబ్ (ముందు చేత్తో నేరుగా కొట్టే గుద్దు) ముఖం మీద పడింది. రెండో రౌండ్లో అతను లోపలికి దూరడం మొదలుపెట్టాడు. నాకంటే పొట్టి, భుజాల్లో బలం ఉంది. దగ్గరికి వచ్చేసరికి నేను తల దించి పట్టుకుంటున్నాను. రిఫరీ "స్టాప్" అని ఆపి, తల మీద చెయ్యి పెట్టి చూపించి ఒకసారి చెప్పాడు. కాసేపటికి మళ్లీ చెప్పాడు. అవి కాషన్లు, వాటికి పాయింట్ పోదు. మూడోసారి ఇద్దరి తలలూ కొట్టుకున్నాయి. ఈసారి ఆట ఆపి, నన్ను పక్కన నిలబెట్టి, జడ్జిలందరికీ కనిపించేలా సైగ చేసి నా వైపు వేలు చూపించాడు. వార్నింగ్. ప్రతి జడ్జి కాగితంలోనూ నాకు ఒక పాయింట్ పోయినట్టే.

కడుపు మండిపోయింది. "సార్, అతను కూడా..." అని రెండు చేతులూ చాచాను. "బాక్స్" అన్నాడు రిఫరీ. నా చూపు ఇంకా రిఫరీ మీదే ఉంది. అవతలివాడి రైట్ క్రాస్ వచ్చి నేరుగా ముక్కు మీద పడింది. వెంటనే ఎయిట్ కౌంట్, అంటే ఆట ఆపి రిఫరీ ఎనిమిది దాకా లెక్కపెట్టడం.

కౌంట్ వచ్చినంత మాత్రాన పాయింట్ పోదని నాకు తెలుసు. నా మూడో బౌట్లో కౌంట్ వచ్చినప్పుడు అది తెలియదు. అప్పుడు "నాకేం కాలేదు" అని తల అడ్డంగా ఊపుతూ అటు తిరిగి, ఇటు తిరిగి, కార్నర్ వైపు చూశాను. రిఫరీ బౌట్ ఆపేశాడు. నేను తేరుకోలేదనే అనుకుని ఉంటాడు. నిన్న అలా చేయలేదు. "ఎనిమిది" అనేసరికి గ్లవ్స్ గడ్డం దగ్గరికి తెచ్చి, రిఫరీ కళ్లలోకి చూసి, ఒక అడుగు ముందుకు వేశాను. ఊపిరి కూడా అప్పుడే అందుకున్నాను. పదకొండు బౌట్ల అనుభవం నిన్న నాకు పనికొచ్చిన చోటు అది.

మూడో రౌండ్ నాదే అనుకుంటున్నాను.

సార్ టేబుల్ దగ్గర అడిగి తెలుసుకున్న లెక్క ఒకటి నన్ను రాత్రంతా పడుకోనివ్వలేదు. ఓడిపోయానన్న ముగ్గురిలో ఒక జడ్జి నాకు మొదటి రౌండ్, మూడో రౌండ్ ఇచ్చాడు. రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9 కాబట్టి 10-9, 9-10, 10-9. కలిపితే 29-28. వార్నింగ్ పాయింట్ తీసేస్తే 28-28. అలా సమానమైనప్పుడు ఎవరు గెలిచారో ఆ జడ్జే తేల్చాలి. అతను బ్లూ అన్నాడు. వార్నింగ్ లేకుంటే ఆ కాగితం నాది. అది నాదైతే 3-2 నాది.

ఏడింటికి నాన్నతో గడియారం సెంటర్ దగ్గరికి వెళ్లి బత్తాయిలు ఏరడానికి కూర్చున్నాను. పెద్ద కాయ ఒక వైపు, జ్యూస్ కాయ ఒక వైపు, మచ్చ ఉన్నది ఇంకో వైపు. నాన్నకు బాక్సింగ్ తెలియదు, నా ముఖం తెలుసు.

"ఆ రిఫరీతోని లొల్లి పెట్టుకున్నవా?"

"లేదు నాయినా. అడిగిన అంతే."

"తోట కాడ తరుగు తీసేటోనితోని నేను కొట్లాడితే ఏమైతది? లోడు ఆగుతది, ఎండకు కాయ వాడుతది. ముందుగాల్నే మంచిగ ఏరుకొని పోతే వాడు తీసేది తక్కువ."

నాన్న మాట తీసిపారేసేది కాదు. కానీ తరుగు తీసినప్పుడు పోయేది కాయ. నిన్న పోయింది నేను మూడు నెలలు పొద్దున్నే పానగల్ వైపు పరిగెత్తిన పరుగు. ఈ తేడా నాన్నకు చెప్పలేదు. చెబితే బాధపడతాడు.

అసలు ఒక బౌట్ దొరకడమే ఎంత కష్టమో రాయాలి. నా బరువులో జిల్లాలో ఉన్న అబ్బాయిలను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లలో ఒకడితోనే మూడుసార్లు ఆడాను. వాడి ఎడమ హుక్ ఎప్పుడు వస్తుందో నాకు తెలుసు, నా జాబ్ తర్వాత ఏం చేస్తానో వాడికి తెలుసు. అంతకు మించి ఇద్దరం నేర్చుకున్నది లేదు. కొత్తవాళ్లతో ఆడాలంటే హైదరాబాద్ పోవాలి, లేదా నిన్నటిలా వేరే జిల్లాకు. తెల్లవారుజామున ఏమీ తినకుండా బరువు తూగాలి, డాక్టర్‌కు చూపించుకోవాలి, ఆ తర్వాత నా పేరు ఎప్పుడు పిలుస్తారా అని గంటలకొద్దీ బ్యాండేజీలతో కూర్చోవాలి. ఒకసారి అంతా అయ్యాక అవతలి అబ్బాయి రాలేదు. వాకోవర్. చెయ్యి పైకెత్తి గెలిచానన్నారు. ఆ గెలుపుతో నా ఒంటికి వచ్చిన అనుభవం ఏమీ లేదు. నిన్నటి ఓటమి దానికంటే వంద రెట్లు విలువైనది. కోపంలో ఉన్నా ఈ మాట రాస్తున్నాను, ఎందుకంటే నిజం. మొదటి బౌట్లో కార్నర్ నుంచి సార్ అరిచింది ఒక్క ముక్క వినపడలేదు. చెవుల్లో నా ఊపిరే. నిన్న మూడో రౌండ్లో "పక్కకు జరుగు, కొట్టి ఆగకు" అన్నది స్పష్టంగా విన్నాను, విని చేశాను.

సాయంత్రం ఐదున్నరకు హాల్‌కు వెళ్లాను. పిల్లలు బ్యాండేజీలు కట్టుకుంటున్నారు. సార్ నా కన్ను చూసి, వాపు నొక్కి చూసి, వారం దాకా స్పారింగ్ (ప్రాక్టీస్ ఫైట్) లేదన్నారు. నేను ఆగలేక అడిగేశాను.

"బాక్సింగ్ల అన్యాయం లేదంటరా సార్?"

"ఎందుకు లేదు?" అన్నారు. వెంటనే అన్నారు, అది నాకు నచ్చింది. అక్కడే బెంచీ మీద కూర్చుని 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్ సంగతి చెప్పారు. అమెరికా అబ్బాయి రాయ్ జోన్స్ 86 దెబ్బలు కొట్టాడని, కొరియా అబ్బాయి పార్క్ సీ హున్ 32 కొట్టాడని టీవీ వాళ్లు లెక్క వేశారు. జడ్జిలు 3-2తో కొరియా అబ్బాయిని గెలిపించారు. ఆ ఒలింపిక్స్ మొత్తంలో మేటి బాక్సర్‌కు ఇచ్చే వాల్ బార్కర్ ట్రోఫీ మాత్రం ఓడిపోయిన జోన్స్‌కే ఇచ్చారు. ఆ గొడవ తర్వాతే కంప్యూటర్ స్కోరింగ్ వచ్చింది. మొదట్లో ఐదుగురిలో ముగ్గురు ఒక్క సెకను లోపల బటన్ నొక్కితేనే ఆ దెబ్బకు పాయింట్. 1992 నుంచి 2012 దాకా ఒలింపిక్స్‌లో కంప్యూటర్ స్కోరింగే నడిచింది, దాని మీద కూడా గొడవలు వచ్చాయి, 2013లో రౌండ్‌కు పది పాయింట్ల పద్ధతికి వచ్చారు.

టోక్యోలో మేరీ కోమ్ ఓడిన రోజు నాకే గుర్తుంది. 2021 జూలై, కరోనా రోజులు, ఫోన్‌లో చూశాను. కొలంబియా ఆమె వాలెన్సియాతో మూడు రౌండ్లు. రెండు, మూడు రౌండ్లలో ఐదుగురిలో ముగ్గురు మేరీ కోమ్‌కే ఇచ్చారు. అయినా మొదటి రౌండ్ 4-1తో పోవడంతో బౌట్ 3-2తో చేజారింది. మూడింట్లో రెండు రౌండ్లు గెలిచి ఓడిపోవడం ఎట్లా అని అప్పుడు నాకు అర్థం కాలేదు. ఒక్కో జడ్జి కాగితం విడిగా కూడుతారు, రౌండ్లు ఎవరు ఎన్ని గెలిచారని చూడరు. రింగులో ఉన్నంతసేపూ తానే గెలిచాననుకున్నానని ఆమె తర్వాత చెప్పింది. అప్పటికే ఆరుసార్లు ప్రపంచ చాంపియన్ ఆమె.

"అవన్నీ ఉన్నయ్. నీ బౌట్ అందులోదా కాదా, అది ముందు చూస్కో," అని సార్ మూడు ప్లాస్టిక్ కుర్చీలు రింగుకు మూడు వైపులా వేయించారు. ఒకదాంట్లో నేను, మిగతా రెండింట్లో ఇద్దరు సీనియర్లు. ముగ్గురికీ తలా ఒక కాగితం. ఒకరితో ఒకరు మాట్లాడొద్దు. రౌండ్ అయిన వెంటనే రాసి బోర్లా పెట్టాలి.

రింగులోకి ఇద్దరు పిల్లలు వచ్చారు. రెడ్‌లో దేవరకొండ నుంచి వచ్చి హాస్టల్‌లో ఉండే పదో తరగతి పిల్లాడు. వాడికి జాబ్ నేర్పింది నేనే. బ్లూలో నకిరేకల్ పిల్లాడు, ఎడమచేతి వాటం. రెండేసి నిమిషాల రౌండ్లు మూడు. సారే రిఫరీ.

కుర్చీలో కూర్చుంటే మొదట తెలిసేది, రెప్ప వేయడానికి కూడా టైమ్ ఉండదని. రెండో సంగతి, చప్పుడు మోసం చేస్తుందని. ఫట్‌మని మోగిన దెబ్బలు చాలావరకు గ్లవ్స్ మీద తగిలినవే. పిడికిలి ముందు భాగం శుభ్రంగా తగిలిన దెబ్బకు పెద్ద చప్పుడు ఉండదు, తల కొంచెం వెనక్కి కదులుతుంది, అంతే. మొదటి రౌండ్ రెడ్‌కు 10-9 రాశాను. రెండో రౌండ్లో బ్లూ పట్టుకుంటున్నాడని మా దేవరకొండ పిల్లాడు సార్ వైపు తిరిగి రెండు చేతులూ చాచాడు. ఎంతసేపు? ఒక సెకను ఉంటుందేమో. అది చూడగానే వీడు అలసిపోయాడు అనుకున్నాను. వాడు ఫిర్యాదు చేస్తున్నాడని నాకు తోచనే లేదు. ఆ రౌండ్ బ్లూకు 10-9 రాసి, పెన్ను అలాగే పట్టుకుని కూర్చున్నాను. నిన్న నా చేతులు చూసి ఆ ఐదుగురు ఏమనుకుని ఉంటారు?

మూడో రౌండ్ రెడ్‌కు ఇచ్చాను. నా కాగితంలో రెడ్ 29-28. మిగతా రెండు తిప్పి చూస్తే ఒకదాంట్లో బ్లూ 29-28, ఇంకోదాంట్లో బ్లూ 30-27.

30-27! నేను గొంతు పెంచాను. సార్ నన్ను ఆపి, "మూడో రౌండ్ల బ్లూ ఎడమ చెయ్యి పొట్టకు ఎన్నిసార్లు తగిలింది?" అని అడిగారు. రెండన్నాను. ఎదుటి కుర్చీలోని అన్న ఏడు అన్నాడు. ఆ రౌండంతా రెడ్ వీపు నా వైపే ఉంది. వాడి వీపు వెనక జరిగింది నాకు కనపడనే లేదు. కనపడిన రెండింటినీ వాడు నా దగ్గర నేర్చుకున్న పిల్లాడు కాబట్టి చిన్నవిగా చూశానేమో, అది కూడా రాసుకోవాలి.

నిన్న తలలు కొట్టుకున్నందుకు ఇద్దరికీ చెప్పాల్సింది అన్న నా అభిప్రాయం మారలేదు. కానీ అంతకు ముందు రెండుసార్లు నాకు చెప్పాక కూడా నేను తల దించే వెళ్లాను. ఈ వారమంతా అద్దం ముందు అదొక్కటే పని: దగ్గరికి వచ్చినప్పుడు గడ్డం లోపలికి, తల నిటారుగా, "బ్రేక్" అనగానే ఒక అడుగు వెనక్కి. ఎవరేమన్నా చేతులు గడ్డం దగ్గరే.

గోడ మీద నిజామాబాద్ నిఖత్ జరీన్ ఫొటో ఉంది, 2022లో ఇస్తాంబుల్‌లో గెలిచిన నాటి పేపర్ కటింగ్. అంచులు పచ్చబడ్డాయి. దాని కింద కూర్చుని దేవరకొండ పిల్లాడు బ్యాండేజీ విప్పుకుంటున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అన్నా, నువ్వు నాకే ఇచ్చినవా?"

"నీకే ఇచ్చిన."

"మరి వాళ్లెందుకు ఇయ్యలే?"

నేను జవాబు వెతుక్కునేలోపే వాడు ఇంకోటి అడిగాడు.

"నువ్వు ఎటు కూర్చున్నవన్నా?"

కుర్చీ చూపించాను. ఒక చేతికి బ్యాండేజీ వేలాడుతుండగానే వాడు వెళ్లి అందులో కూర్చున్నాడు. ఖాళీ రింగు వైపు చాలాసేపు చూశాడు. తర్వాత లేచి అవతలి కుర్చీకి వెళ్లి కూర్చున్నాడు. సార్ లైట్లు ఆర్పేదాకా అక్కడే ఉన్నాడు.